భువనగిరి పందెపుబాటపై గుర్వయ్య కాలు దింపని కథ

స్వస్తి శ్రీ శుభకృన్నామ సంవత్సర వైశాఖమున, భువనగిరి కోటగుండు తన నీడను ఊరిమీదినుండి ఇంకను ఉపసంహరింపని ప్రభాతవేళ, ఎడ్లపందేలకై వెలసినదియు, పందెము లేనినాడు మేకలకు, పిడకలకు, సకలజనులకు హక్కుభుక్తమైనదియునగు బాటపై, పద్మశాలి కులదీపకుడు, గుంటమగ్గ సార్వభౌముడు, మూడు చేతులు మారిన మోటారుసైకిలుకు నాలుగవ అధిపతియునగు గుర్వయ్య సాక్షాత్కరించెను. నవ్వు వచ్చినను వినుడు.

కట్టంగూరులోని తల్లిగారింటికి పోవలసిన ఆయన ఇల్లాలు నర్సింగమ్మ, నడుమున చెయ్యి పెట్టి ఘోరప్రతిజ్ఞ పలికెను: “కాలు కింద పెట్టకుంట ఒక్క సుట్టు తిరుగు, నీ ఎనక కూసుంట. పెట్టినవా, బస్సుల పోత. తొవ్వల పడేస్తే ఊరంత సూస్తది.”

ఆమెకై దుప్పటి మడిచి కట్టిన ఆ వెనుకసీటు, బండి కొన్ననాటినుండి, మూడు నెలలుగా ఖాళీ.

“నర్సింగీ, ముప్పయేండ్లు మగ్గం తొక్కిన కాళ్లివి. గివి నన్ను మోసం చేస్తయా?” అని గర్జించి బయలుదేరెను.

చేసినవి. అయ్యో, అవియే చేసినవి. సగము చుట్టున, పందెమెడ్లకు పరుగు నేర్పుచున్న కిష్టయ్య “గుర్వన్నా, జర పక్కకు జరుగు” అని వెనుకనుండి కేకవేయగా, భయావిష్టుడైన ఆ వీరుని పాదద్వయము, ముప్పదియేండ్ల అభ్యాసవశమున, మగ్గము కింది చెక్కలను తొక్కినట్లు కుడియెడమలను మార్చిమార్చి తొక్కెను. ఎడమకాలి కింద గేరు, కుడికాలి కింద బ్రేకు ఉండుటచే, బండి ఉరికి, ఆగి, మరల ఉరికి, మరల ఆగి, ఆ మహాబాటను గజము గజముగా నేయసాగెను. ఎడ్లు దాటిపోయెను. వాటి వెనుక ఒక మేకపిల్లయు, తొందరేమియు లేకయే, దాటిపోయెను. పండ్లు టకటకలాడినను గుర్వయ్య కాలు దింపలేదు.

చుట్టు ముగియు గీటు దాటగనే ఇంజను ప్రాణము విడిచెను. బండి ఇటు, ధూళిధూసరితాంగుడైన వీరుడటు ఒరిగిరి. కిష్టయ్య ఎడ్లకు తెచ్చిన గడ్డికుప్పపై ఆయన వెల్లకిల పడగా, పాదములు రెండును ఆకాశమున నిలిచెను.

నర్సింగమ్మ వంగి, ఆ పాదములను చాలసేపు పరీక్షించెను. “కాలైతే పెట్టలే,” అనెను. మాట తప్పుట ఆమె ఎరుగదు.

ఎన్ని తన్నులు తన్నినను బండి మరల పలుకలేదు. అయినను ఆమె ఎక్కి, మడిచిన దుప్పటిపై కూర్చుండి, కొంగు సర్దుకొని, పక్కన హ్యాండిలు పట్టి నిలిచిన మగని భుజముపై చెయ్యి వేసెను. ఆయన బండిని బస్టాండు దాక నెట్టెను.

“జర మెల్లగ నూకు,” అనెనామె. “ఊరంత సూడాలె.”

ఊరంతయు చూచెను. మూడు నెలల ఖాళీసీటు నిండెను. జయము గుర్వయ్యకు, జయము ఆయన పాదములకు; బస్సు కూడ దొరికెను.