రాతి మెట్ల నాటకశాలకు మైకే మోక్షం

పురాతన నాటకశాలలో మైకు పెట్టించిన మహానుభావుడికి చేతులెత్తి మొక్కాలి. అవును, నిజంగానే అంటున్నాను! అర్గోలిదాలో మా ఊరి కొండవాలున రాతి మెట్ల నాటకశాల ఉంది. ఏటా వేసవిలో అక్కడ ఊరివాళ్లమే ఒక పాత గ్రీకు విషాద నాటకం ఆడతాం. బృందగానంలో వచ్చే ముసలివాళ్లలో నేనొకణ్ణి. గడ్డం అతికించుకున్నదే గానీ ముసలితనం మాత్రం సొంతం. కనుక ఈ విషయంలో నా మాట కాస్త చెల్లుతుంది.

పాతకాలం కష్టాలు తలచుకోండి. నాటకం వినాలంటే జనం నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చేది! ఎంత దారుణం! రాణిగారికి కొడుకు చావు కబురు తెలిసే వేళ ఎవడైనా గుమ్మడి గింజ కొరికాడా, పక్కవాళ్లు కొట్టినంత పని చేసేవారు. మరి ఇప్పుడో? స్పీకర్లు హోరెత్తుతుంటే గింజలు నమలొచ్చు, ఫోన్లో అత్తగారి మోకాళ్ల నొప్పులు విచారించొచ్చు. రాణిగారి దుఃఖం దానంతటదే వచ్చి చెవిలో పడుతుంది.

సందర్శకుల సుఖం సంగతి చెప్పనక్కర్లేదు. బస్సు దిగీ దిగగానే రంగస్థలం నడుమనున్న గుండ్రని రాయి మీదికి చేరతారు. దాని మీద గుసగుసలాడినా పైమెట్టు దాకా వినబడుతుంది మరి. ఒకాయన చప్పట్లు కొడతాడు, ఒకావిడ కాగితం చింపుతుంది, ఇంకో పెద్దమనిషి పుట్టినరోజు పాట ఎత్తుకుంటాడు. పైమెట్టు మీదినుంచి భార్య "వినబడిందండోయ్!" అని కేక. ఇద్దరి జన్మా ధన్యం! నాటకం మొదలయ్యాక ఫోన్లు పైకి లేస్తాయి. ఎదురుగా ఉన్నదాన్ని కళ్లతో చూసే చాదస్తం ఇంకా ఎన్నాళ్లు చెప్పండి?

మా విషాద నాటకాల్లో ఒక లోపముంది, ఒప్పుకుంటాను. చావులన్నీ లోపలే జరిగిపోతాయి. ఒకడు రొప్పుతూ వచ్చి, ఎవరెలా పోయారో చెబుతాడంతే. "టికెట్టు కొన్నవాళ్లకి ఒక్క చావైనా చూపించరా?" అని పోయినేడు ఒక సందర్శకుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన మాటే! ఆఖరికి మా దగ్గర చూపించడానికి మిగిలేది ఏడుపొక్కటే.

ఏడుపంటే కల్లిరోయిది. రొట్టెల కొట్టు నడుపుకునే మనిషి. నాటకంలో కొడుకును పోగొట్టుకున్న రాణి ఆవిడే. వాళ్ల నాయనమ్మ ఊళ్లో చావు జరిగిన ప్రతి ఇంటా పాడిన శోకాలన్నీ ఈవిడ గొంతులోకి వచ్చాయి. మైకు లేకుండానే పైమెట్టు దాకా వెళ్తుంది ఆ గొంతు. ఊరు ఊరంతా దానికోసమే వస్తుంది. "నా ఊపిరి ఆడినన్నాళ్లు ఇక్కడ నేనే ఏడుస్తా, ఇంకెవర్నీ ఏడవనివ్వను" అంటుందావిడ. పాపం, కాలం మారిందని తెలియదు.

కాలాన్ని మార్చినవాడు మా ఉత్సవ కమిటీ అధ్యక్షుడు పాంతెలిస్. రిహార్సల్ నాటి సాయంత్రం మేమంతా పైమెట్టు మీద కూర్చుని కల్లిరోయి తెచ్చిన నువ్వుల రొట్టెలు తింటున్నాం. అధ్యక్షులవారు కింద గుండ్రని రాయి మీద నిలబడి, సౌండు మనిషి భుజం మీద చెయ్యేసి, చెవిలో గుసగుసలాడారు. మైకులకు అలవాటుపడ్డ అధ్యక్షుడు కదా, ఏ రాయి మీద నిలబడ్డాడో మరిచిపోయాడు. ప్రతి ముక్కా పైకొచ్చింది.

"ఆ ముసల్ది వట్టినే నోరాడిస్తే చాలు. ఏడుపు మనం రికార్డేద్దాం. పట్నంలో ఓ టీవీ నటి చేత ఏడిపించుకొచ్చా, వీడియోల్లో బ్రహ్మాండంగా వస్తది. దీనికి మాత్రం చెప్పమాకు."

మా నోళ్లలో రొట్టె అలాగే ఉండిపోయింది. కల్లిరోయి ఒళ్లోని నువ్వులు దులుపుకుని లేచింది.

"పాంతెలీ! చెప్పద్దన్నావు గానీ చెప్పేశావు కదయ్యా!" అని పైనుంచే అంది. "అట్టాగే కానీ నాయనా. నేను నోరు కూడా ఆడించను, చూస్కో."

"అత్తా, సరదాకి అన్నాలే, కోప్పడకు!" అని నవ్వేశాడు అధ్యక్షుడు. కానీ రికార్డు మానలేదు.

ప్రదర్శన రోజు వచ్చింది. కొడుకు చావు కబురు వచ్చింది. స్పీకర్లు బావురుమన్నాయి! కల్లిరోయి పెదాలు బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది. టీవీ నటి వెక్కివెక్కి ఏడ్చింది, గుండెలవిసేలా ఏడ్చింది. రాణిగారి పెదవి కదిలితే ఒట్టు. మా ఊరివాళ్లు తలలు దించుకున్నారు. సందర్శకులు మాత్రం ఫోన్లు దించకుండానే లేచి నిలబడి ఈలలు వేశారు. ఏడుపెక్కడిదో ఒక్కరికీ అనుమానం రాలేదు. "చూశావా అత్తా, ఎంత హిట్టయ్యావో!" అన్నాడు పాంతెలిస్.

మర్నాడు నేను రొట్టెకని వెళ్లేసరికి, ఒక సందర్శకుడు కల్లిరోయి ముందు ఫోను పెట్టి నిన్నటి వీడియో చూపిస్తున్నాడు.

"ఏం ఏడ్చారమ్మా! మా ఆవిడైతే పదేపదే పెట్టుకుని వింటోంది!"

కల్లిరోయి ఆ వీడియోలో మూసుకుపోయిన తన నోటిని చూసుకుంది. చేతిలో రొట్టె అక్కడే పెట్టేసి, పిండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సందర్శకుడు ఇబ్బందిగా కదిలి, వీడియో సరిగ్గా వినబడటం లేదని సౌండు పెంచాడు.

ఇప్పుడు చెప్పండి, మైకు లేకపోతే మనిషి ఏడుపు ఎవరికి వినబడుతుంది?