కుక్కపిల్ల చూపులు

పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో ముకుందం పేరు చెబితే చాలు, కాస్త దడ. దేవస్థానం ఆఫీసులో రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న ఉచిత సేవ ఒక్కటే, సంబంధాల గురించి వాకబు చేయడం. పిల్లాడి గురించి అడిగితే పిల్లాడితో ఆగడు. తండ్రి, తాత, ముత్తాత దాకా పోయి ఏదో ఒక వంక పట్టుకుని గానీ తిరిగిరాడు. అందుకే కాలనీలో అందరూ ‘మూడు తరాల ముకుందం’ అంటారు. ఆయన దాన్ని బిరుదనే అనుకుంటున్నాడు, పాపం.

అలాంటి మనిషి ఇంటికి కుక్కపిల్ల రావలసి వచ్చింది.

“ఇంట్లో నా మాట వినే ప్రాణి ఒకటుండాల,” అంది భార్య వకుళాదేవి.

“నేను లేనా?”

“మీరుండారు. వినే ప్రాణి అంటా ఉండా.”

వెనక వీధిలో నర్సు రూతు ఇంట్లో కుక్కపిల్లలు పుట్టాయి. తల్లిది పొమేరియన్ జాతి, తండ్రిది షిట్జూ.

“అంటే అదీ కాదు, ఇదీ కాదన్నమాట,” అన్నాడు ముకుందం.

“అదీ, ఇదీ రెండూ అన్నమాట.”

“కుదరదు! తెస్తే అచ్చమైన షిట్జూనే తేవాల. తాత ముత్తాతల పేర్లు తెలియని దాన్ని గడప తొక్కనిస్తానా?”

“పేర్లు తెలిసి అదేం చేస్తాదండీ, తద్దినాలు పెడతాదా?”

అసలు సంగతి వేరే ఉంది. యూనివర్సిటీ గ్రౌండుకు పొద్దున నడకకొచ్చే హరినాథ్ దగ్గర ఒక పగ్ జాతి కుక్క ఉంది. ఆయన దాని గొప్పలు చెప్పుకోని రోజు లేదు. వినీ వినీ ఒళ్లు మండి, ముకుందం అందరి ముందూ నోరు జారాడు. “సోమవారం సూడప్పా! మా ఇంటికొచ్చే దాని ముందర నీ పగ్గు యాడికీ చాలదు.” ఇప్పుడు ఒట్టి చేతులతో పోతే ఆ గ్రౌండులో తలెత్తుకోలేడు.

అందుకని చిత్తూరులో షిట్జూలు పెంచే యశోదమ్మకు ఫోన్ చేశాడు. తల్లి వైపు ఎలాంటివాళ్లు, తండ్రి పోటీల్లో కప్పులేమైనా కొట్టాడా, తాత ఎక్కడ పుట్టాడు, అన్నీ అడిగాడు. ఆవిడ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది.

“అయినాయా మీ ప్రశ్నలు? ఆదివారం మేమొస్తాం. మా బిడ్డ పొయ్యే ఇల్లు మేం సూసుకోవాల గదా,” అంది చివర్లో.

ముకుందం పొంగిపోయాడు. “చూసినావా వకుళా, వంశం అంటే ఇదీ!”

ఆదివారం వకుళాదేవి కేసరి, బజ్జీలు చేసింది. యశోదమ్మ బుట్టలో పిల్లతో దిగింది. పిల్లకు నుదుటి మీద జుట్టు పిలక వేసి, గులాబీ రంగు రిబ్బను కట్టారు. ఆవిడ ఒక బజ్జీ తిని, ముకుందాన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. అది తన చూపే.

“పగలంతా ఏసీ ఏస్తారా?”

“ఏసీ అంటే... కిటికీ తీస్తే మంచి గాలి...”

“రోజూ దువ్వాల. ఏదీ, ఒకసారి దువ్వండి.”

దువ్వెన తగలగానే పిల్ల కుయ్యోమని బుట్టలోకి దూరింది.

“మోకాళ్లు బాగుండాయా? అట్ట వాకిలి దాకా నడిచి సూపించండి.”

ముకుందం పంచె సర్దుకుని నడిచాడు. పోవడం బాగానే పోయాడు, రావడంలోనే కాస్త కుంటాడు.

“కోపం జాస్తీనా?”

“నాకా? కోపమా? ఎవరు చెప్పినారు?” అని ముకుందం అరిచిన అరుపుకు బుట్ట కదిలింది.

యశోదమ్మ వంటింట్లోకి వెళ్లి వకుళాదేవితో కాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి బుట్ట చేతికి తీసుకుంది.

“ఊరికి పొయ్యి ఏ సంగతీ ఫోన్ చేసి చెప్తాం.”

ఆ మాట ముకుందం ఎన్ని గడపల్లో అని వచ్చాడో! అన్న చోటికి ఒక్కసారి కూడా ఫోన్ చేసిన పాపాన పోలేదు. సాయంత్రం దాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది మోగలేదు. ఆయనకు నిజంగానే బాధేసింది.

“నాకేం తక్కువైంది వకుళా?”

“ఏమీ తక్కువ లేదులే. రేపు సోమవారం గదా, గ్రౌండుకు ఎట్ట పోతారు?”

ముకుందం గోడ కేసి చూస్తూ అన్నాడు. “ఆ రూతు ఇంట్లో... ఇంకా ఉండాయా?”

వకుళాదేవి కబురు పెడితే, కాఫీ తాగేలోపల రూతు ఒక పిల్లను ఎత్తుకుని వచ్చింది. కింద దించగానే అది నేరుగా వచ్చి, ముకుందం పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఏసీ గురించి అడగలేదు, నడిచి చూపించమనలేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“వకుళమ్మ అంతా చెప్పింది సార్,” అంది రూతు. “మీరు శానా ఓపిక మనిషంట, కోపమంటేనే తెలీదంట. అందుకే నెల రోజుల్నించి ఎవురికీ ఇయ్యకుండా మీకని పెట్టినా.”

సోమవారం గ్రౌండులో హరినాథ్ వంగి చూశాడు. “ఇదేం జాతబ్బా?”

“ఒక జాతితో అయ్యేది కాదప్పా ఇది,” అన్నాడు ముకుందం ఛాతీ విరిచి. “తల్లి వైపు పొమేరియన్, తండ్రి వైపు షిట్జూ. రెండు వైపులా నేనే వాకబు చేసినా. నీ పగ్గుకు ఉండేది ఒక్క వంశమే గదా, పాపం!”

హరినాథ్ తన పగ్ గొలుసు లాక్కుంటూ ముందుకు పోయాడు. ముకుందం గెలిచిన మొహంతో ఇంటిదారి పట్టాడు. సగం దారిలో రూతు మాట గుర్తొచ్చింది. నెల రోజుల్నించా?

ఇంట్లో అడుగు పెడుతూనే అడిగాడు. “వకుళా! రూతుకు నేను ఓపిక మనిషినని చెప్పినావంట?”

“చెప్పినా. మనకే ఇస్తానని మాట కూడా తీసుకున్యా.”

“మరి యశోదమ్మ అడిగితే ఏం చెప్పినావు?”

“పెద్దామె, పాపం, అంత దూరం నుంచి వచ్చింది. అబద్ధం చెబితే బాగుండదని ఉన్నదే చెప్పినా.”

ముకుందం అరవడానికి నోరు తెరిచాడు. కోపమంటే తెలియని మనిషి గదా, మళ్లీ మూసుకున్నాడు.

“దువ్వెన ఆడ కిటికీలో ఉండాది,” అంది వకుళాదేవి.

ఆయన వెళ్లి తెచ్చుకున్నాడు.