లేవకముందే ‘లేచినా’

రెడీ కాకముందే ‘రెడీ’ అనడం అబద్ధం కాదు మహాప్రభో, మర్యాద! ఒప్పుకోనివాళ్ళు ఈ సాయంత్రం ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు ‘ఇంకా టీకొట్టు దగ్గరే ఉన్నా’ అని చెప్పి చూడండి. ఆ తర్వాత వచ్చి నాతో వాదించండి.

మా పడమటి ప్రకాశంలో ఈ మర్యాద పుట్టుకతో వస్తుంది. గిద్దలూరులో మనిషి ముఖం కడుక్కుంటూ ఉంటాడు, నోరు మాత్రం కంభం దాటేసి ఉంటుంది. శ్రీశైలం పోయే కారు మార్కాపురంలో టైర్లకు గాలి పట్టించుకుంటూ ఉండగానే, అందులోవాళ్ళు దోర్నాల హోటల్లో ఇడ్లీ తింటున్నామని ఫోన్లో చెప్పేస్తారు. పెళ్ళివాళ్ళు ‘విస్తళ్ళు వేసేశాం, రండి’ అంటారు. అప్పటికి ఎసరు కూడా కాగి ఉండదు. ఎవరికేం నష్టం? అవతలివాళ్ళ మనసు చల్లబడింది, ఇవతలివాళ్ళకు గంట టైము దొరికింది. దీన్ని అబద్ధమంటారా? నేనైతే అడ్వాన్సు నిజం అంటాను!

ఇంతటి సంస్కారం మనుషుల దగ్గరే ఆగిపోవాలా? కంప్యూటర్లకు నేర్పకూడదా? నేర్పాడండీ ఒక మహానుభావుడు! పేరు గిద్యోను, ఊరు గిద్దలూరు, పని కంప్యూటర్ల రిపేరు. ఆయన చెప్పిన చదువు మార్కాపురం బస్టాండు పక్కన, జహీర్ నడిపే ఆన్‌లైన్ సెంటర్లోని కంప్యూటరుకు బాగా వంటబట్టింది.

కంప్యూటర్ ఆన్ చేయగానే అందరికంటే ముందు లేచే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని స్టార్టప్ మేనేజర్ అంటారు. మిగతా ప్రోగ్రాములన్నిటినీ పేరుపేరునా తట్టి లేపడం దాని డ్యూటీ. లేపుతుంది సరే, వాళ్ళు లేచారో లేదో దానికి తెలిసేదెట్లా? ఇక్కడే పండితులు మూడు జట్లయ్యారు. ఒకసారి లేపి, పది అంకెలు లెక్కపెట్టి, ‘లేచే ఉంటాడులే’ అనుకుని ముందుకు సాగిపొమ్మంటుంది ఒక జట్టు. వాకిట్లో చాప పరిచి, పనిమీద వచ్చినవాళ్ళను కూర్చోబెట్టు, లోపలివాడు లేచాక వాడే పలుకుతాడు అంటుంది రెండోది. లేచినవాడు లేచినట్టు తనే కబురు పంపాలి, ఆ కబురు వచ్చేదాకా మేనేజర్ ఆగాలి అంటుంది మూడోది.

మన గిద్యోను మూడో జట్టు. పైగా భాషాభిమాని. జహీర్ కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, ‘ప్రింటరు: లేచినా’, ‘స్కానరు: లేచినా’ అంటూ తెరమీద పచ్చటి అక్షరాలు టకటకా పడిపోయేవి. జహీర్‌కు అది చూస్తే కడుపు నిండేది. ఆన్ చేశాక షాపు ఊడ్చి, గుమ్మంలో నీళ్ళు చల్లి, ఊదొత్తి వెలిగించి, ఒక టీ తాగి కూర్చునేవాడు. అప్పుడు మీట నొక్కితే అన్నీ చక్కగా పనిచేసేవి. ఏ లోటూ కనబడలేదు.

ఆ మంగళవారం మాత్రం షట్టర్ ఎత్తేసరికే గుమ్మంలో గోవిందమ్మ నిలబడి ఉంది. త్రిపురాంతకం అవతల మేకలు కాసుకునే మనిషి. మేకలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి మొదటి బస్సుకే వచ్చింది. సాయంత్రం ఆరులోపు వేలిముద్ర పడకపోతే రేషన్ కార్డులో ఆమె పేరు కొట్టేస్తారు. మోకులు లాగీ లాగీ ఆమె వేలిగీతలు అరిగిపోయాయి. జహీర్ షాపులో కొత్త మిషను పెట్టారని విని ముందురోజు ఫోన్ చేస్తే, ‘అంతా రెడీ అవ్వా, వచ్చేయ్’ అన్నాడు జహీర్. గిద్యోను ఆ మిషను బిగించిపోయి రెండు రోజులే అయింది. జహీర్ దాన్ని ఒక్కసారైనా వాడి చూడలేదు.

“మా ఊరి మిషను నా ఏలు పట్టడంల్యా నాయనా. నీదన్నా పడతాదా?”

“పట్టకేంది అవ్వా? చూడు, అన్నీ లేచినాయి,” అన్నాడు జహీర్.

తెర నిండా పచ్చదనమే. ‘వేలిముద్ర మిషను: లేచినా’ అని కూడా ఉంది. గోవిందమ్మ వేలు పెట్టింది. విఫలం! వేలిముద్రలు సరిచూసే పై సర్వరువాళ్ళు మనిషికి రోజుకు మూడు అవకాశాలే ఇస్తారు. అందులో ఒకటి పోయింది.

జహీర్ ఏం చేశాడు? మీరూ నేనూ చేసేదే చేశాడు. ఆమె చేత సబ్బుతో చెయ్యి కడిగించి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకునేలోపే తెర మళ్ళీ పచ్చబడింది. వేలు పెట్టింది. మళ్ళీ విఫలం! మిగిలింది ఒక్కటే.

గోవిందమ్మ తన బొటనవేలు వంక చూసుకుంది. “మిషనుదేం తప్పులే నాయనా. నా ఏలే పనికిరాకుండా పోయినాది,” అంది. ఆ మాటకు జహీర్ మనసు చివుక్కుమంది. ఇక దేన్నీ ముట్టుకోవడానికి భయమేసి కంప్యూటర్ ఆపేసి గిద్యోనుకు ఫోన్ చేశాడు.

“బయల్దేరినా అన్నా! కంభం దాటినా. అర్ధగంట,” అన్నాడు గిద్యోను. కంభం దాటిన ఆ బస్సులో కుక్కర్ విజిల్ వేసింది.

ఆ అర్ధగంట సాయంత్రం నాలుగింటికి వచ్చి దిగింది. అప్పటిదాకా గోవిందమ్మ స్టూలు మీంచి కదల్లేదు. టీ తాగొద్దామంటే, తాను లేనప్పుడు గిద్యోను వచ్చిపోతాడేమోనని భయం.

గిద్యోను లోపలి రాతలన్నీ తెరిచి చూసి నాలుక కరుచుకున్నాడు. “మిషను పూర్తిగా లేవాలంటే మూడు నిమిషాలు పడతాదన్నా. ఆలోపు ఏలు పెడితే ఖాళీ ముద్ర పైకి పోతాది. అంతసేపు ‘ఇంకా లేవలేదు’ అని ఎర్రగా కనబడితే కస్టమర్లు ఏమనుకుంటారు? అందుకే ముందు ‘లేచినా’ అని కబురు పంపించి, ఆనక లేచేట్టు రాసినా. ప్రింటరుకూ అంతే, స్కానరుకూ అంతే.”

“అట్ల ఎట్ల రాసినావురా?”

“అందరం అంతే గదన్నా?”

జహీర్ తిట్టబోయాడు. కానీ నిన్న అవ్వతో తానన్న ‘అంతా రెడీ’ గుర్తొచ్చి, కుర్చీని గిద్యోను వైపు జరిపాడు.

లేచాకే ‘లేచినా’ అనేట్టు గిద్యోను మార్చి రాసేసరికి ఐదున్నర. మిగిలింది అరగంట, ఒక్క అవకాశం. కంప్యూటర్ ఆన్ చేశారు. ప్రింటరు నిదానంగా లేచింది. స్కానరు ఒళ్ళు విరుచుకుంది. చివరి పంక్తి ఎర్రగా నిలబడిపోయింది: ‘వేలిముద్ర మిషను: ఇంకా లేవలేదు.’

ముగ్గురూ దానివంకే చూస్తున్నారు. ఆ షాపులో అంత నిజాయితీగల మాట కనబడటం అదే మొదటిసారి.

“ఈ మాట పొద్దున్నే చెప్పింటే పోయి టీ తాగొచ్చేదాన్ని గదా నాయనా,” అంది గోవిందమ్మ. “రేషను కాడ కూసున్నా, ఆస్పత్రి కాడ కూసున్నా. నాకు ఎదురుచూడ్డం రాదా ఏంది? లేసినాదని చెప్తిరి. నా ఏలే చెడిపోయిందేమోనని పొద్దుట్నుంచి ఏడస్తా ఉండా.”

అప్పుడు పంక్తి పచ్చబడింది. ఆమె వేలు పెట్టింది. ‘విజయవంతం. మీ పేరు భద్రం!’ గిద్యోను చప్పట్లు కొట్టాడు. గోవిందమ్మ మాత్రం తెరను అనుమానంగా చూసింది.

“ఇది లేచి చెప్పిందా, లేవకముందే చెప్పిందా?”

ఆ మాట పై సర్వరుది. దాన్ని రాసింది గిద్యోను కాదు, ఎవరో పెద్దలు. జహీర్ తల గోక్కున్నాడు. “తెలీదవ్వా,” అన్నాడు. అది కూడా నిజమే.

“అయితే రేషను లిస్టులో నా పేరు కనబడేదాకా ఈడ్నే కూసుంటా. ఇప్పుడు తెప్పించు టీ.”

అరగంటలో పడుతుందని జహీర్ చెప్పిన పేరు ఏడుంపావుకు పడింది. జహీర్ చదివి వినిపించాడు. ఇంకోసారి చదవమంది, చదివాడు. అప్పుడు లేచి ఆమె బస్టాండుకు నడిచింది.

పాఠకులారా, ఎదురుచూడ్డం మనకు కొత్తా? కాదు. ఎదురుచూడాలని ఎవరూ చెప్పకపోవడమే మన కర్మ. ఇంత చెప్పానని మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటాననుకుంటున్నారేమో. తీసుకోను! ఎందుకంటే గోవిందమ్మ అట్ల పోగానే జహీర్ భార్య సమ్రీన్ ఫోన్ చేసింది, ఎక్కడున్నావని.

‘బస్టాండు దాటినా’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. జహీర్ దాన్ని మింగేశాడు. “షాపులోనే ఉన్నా. ఇంకా షట్టర్ కూడా దించలేదు,” అన్నాడు.

అంతే, సమ్రీన్ కంగారు పడిపోయింది.

“ఏమైంది జీ? ఒంట్లో బాగలేదా? పక్కన ఎవరన్నా ఉండారా? ఫోన్ వాళ్ళకియ్యి!”

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆటో పిలుస్తున్నానంది. చివరికి జహీర్ ‘బస్టాండు దాటినా, వచ్చేస్తున్నా’ అన్నాకగానీ ఆమె కుదుటపడలేదు.