కుర్చీ వదలని కాంగ్ గారు

శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, దేశం కోసం, స్పీకర్ కుర్చీలోంచి లేవబోనని మా శాసనసభ్యులు కాంగ్ మావ్‌షెంగ్ గారు ప్రకటించారు. ప్రకటన రాసింది నేనే. పదకొండేళ్లుగా ఆయన అసిస్టెంటుని. నేను "ప్రాణం పోయినా సరే" అని రాస్తే, "ప్రాణం వద్దయ్యా, నడుం అని రాయి. జనం నమ్మేట్టుండాలి" అని ఆయనే దిద్దారు. అంత నిజాయితీపరుడు.

దీన్ని అల్లరి అనుకునేవాళ్లున్నారు. వాళ్లకేం తెలుసు? స్పీకర్ కూర్చుంటేనే సభ మొదలవుతుంది, సభ మొదలైతేనే బిల్లు పాసవుతుంది. అందుకని మా దేశ రాజధాని తైపేలోని సభలో ఓట్లు తక్కువున్న పార్టీ పొద్దున్నే వెళ్లి కుర్చీని చుట్టుముడుతుంది. అటువాళ్లు తక్కువైతే అటువాళ్లు, ఇటువాళ్లు తక్కువైతే ఇటువాళ్లు. ఈసారి మేం తక్కువ. అవతలి పార్టీ కమిటీల్లో తమ సీట్లు పెంచుకునే బిల్లు పెట్టింది. దాన్ని ఆపమని మా విప్ గారి ఆర్డరు. అదే సభకి ఆఖరి రోజు. ఆ రోజు పాసవని బిల్లుకి నూకలు చెల్లినట్టే, కొత్త సభలో మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాలి.

ఆ పొద్దున హుంగ్ యూమెయ్ గారు దక్షిణాది నుంచి రైలెక్కి వచ్చింది. మా నియోజకవర్గంలోని చిన్న ద్వీపం ఆవిడది. చేతిలో సముద్రంలో పట్టి ఎండబెట్టిన స్క్విడ్ సంచీ, మొహం నిండా నవ్వు. ఆవిడ భర్తకి వారానికి మూడుసార్లు రేవు ఊళ్లో డయాలిసిస్. అది అయ్యేసరికి నాలుగు దాటుతుంది. ద్వీపానికి ఆఖరి ఓడ నాలుగింటికే.

"ఇవాళే కదా బాబూ మన ఓడ బిల్లు?" అంది.

"ఇవాళే అక్కా" అన్నారు మా సారు, మోకాలికి నొప్పి పట్టీ వేయించుకుంటూ. సాయంత్రం ఏడింటికి ఇంకో ఓడ నడపాలనే ఆ బిల్లు ఆయన సొంతది. రెండు పార్టీలూ ఒప్పుకున్న ఒకే ఒక్క బిల్లు.

పాపం, ఆవిడ తిరగని చోటు లేదు. చాలా దేశాలు ప్రభుత్వాన్ని మూడు భాగాలతో సరిపెట్టుకుంటాయి. మాకు అయిదున్నాయి. పాలించేవాళ్లు "చట్టం లేదమ్మా" అన్నారు. న్యాయం చెప్పేవాళ్లు "కేసు లేదమ్మా" అన్నారు. అధికారులని నిలదీసేవాళ్లు "ఓడ అధికారి కాదు కదమ్మా" అన్నారు. ఉద్యోగ పరీక్షలు పెట్టేవాళ్లు మాత్రం మర్యాదగా దరఖాస్తు ఫారం ఇచ్చి పంపారు. మిగిలింది చట్టాలు చేసే మేమే.

తొమ్మిదింటికి మా సారు కుర్చీలో కూర్చున్నారు. ఆహా, ఏం కూర్చోవడం! విప్ గారు కింద కూర్చుని కుర్చీ ముందు కాళ్లు రెండూ వాటేసుకున్నారు. మావాళ్లు ఇరవైమంది చుట్టూ గోడ కట్టారు. బాత్రూం అవసరం రాకూడదని సారు ముందురోజు మధ్యాహ్నం నుంచే టీ మానేశారు. పైన గ్యాలరీలో యూమెయ్ గారు "వదలకు బాబూ, వదలకు!" అని చప్పట్లు కొడుతోంది.

పదింటికి అవతలి పార్టీ సభ్యురాలు దూ వెన్‌చీ గారు మావాళ్లని తోసుకుంటూ వచ్చారు. ఆవిడ గట్టి మనిషి.

"కాంగ్! ఇక లే. మా బిల్లు నిన్న సాయంత్రమే వెనక్కి తీసుకున్నాం. ఇవాళ్టి జాబితాలో మొదటిది నీ ఓడ బిల్లే!"

"ఎంత తెలివమ్మా! నేను లేస్తాను, నువ్వు స్పీకర్ని కూర్చోబెడతావు."

"అవును! నీ బిల్లు పాస్ చెయ్యడానికే!"

సారు నా వైపు వంగారు. "నిజమేనంటావా?"

"జాబితాలో అలాగే ఉంది సార్. విప్ గారిని అడగనా?"

కింద నుంచి విప్ గారి గొంతు వినిపించింది. "వాళ్లు నిజం చెబుతున్నారంటేనే ఏదో మోసం ఉందన్నమాట. గట్టిగా కూర్చో!"

సారు ఇంకా గట్టిగా కూర్చున్నారు. వెన్‌చీ గారు చెయ్యి పట్టి లాగారు. సారు చొక్కా చిరిగింది గానీ మనిషి కదల్లేదు. టీవీలన్నీ అదే చూపించాయి. మధ్యాహ్నం ఆవిడ మళ్లీ వచ్చి బతిమాలారు. శత్రువు బతిమాలుతుంటే ఎవరైనా లేస్తారా? మూడింటికి ఆవిడ కూడా విసిగిపోయి, మెట్ల మీద కూర్చుని పంది మాంసం అన్నం డబ్బా విప్పారు.

సరిగ్గా అయిదింటికి గంట మోగింది. సభ గడువు ముగిసింది. మావాళ్లు సారుని భుజాల మీదికెత్తుకున్నారు. అన్న మాట ప్రకారం నడుం నిజంగానే పట్టేసింది.

యూమెయ్ గారు పరుగున కిందికొచ్చింది. "భలే చేశావు బాబూ! మరి ఓడ ఏ నెల నుంచి?"

"శత్రువుని ఆపేశాం అక్కా!"

"సరే. మరి ఓడ?"

సారు నా వైపు చూశారు. నేను జాబితా వైపు చూశాను.

"ఓడ కూడా…" అన్నాను.

రెండు వారాల్లో ఎన్నికలు. చిరిగిన చొక్కాతో కుర్చీలో ఉన్న ఫోటో పెద్ద బ్యానరు వేయించాం, కింద "ఒకసారి కూర్చుంటే లేవడు" అని. ఒకటి ద్వీపానికెళ్లే రేవులో కట్టడానికి నేనే వెళ్లాను. నాలుగున్నరైంది. బల్ల మీద యూమెయ్ గారి భర్త దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆవిడ లేచొచ్చి, నేను అడక్కుండానే నిచ్చెన పట్టుకుంది.

"ఓడ పోయిందా అక్కా?"

"పోయింది బాబూ. ఆ బల్ల మీదుగా కట్టు. కాస్త కిందికి… ఇంకొంచెం… ఆ, చాలు. మొన్నటి రాత్రి వాన జల్లంతా ఆయన మీదే పడింది."

వెంటనే సారుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కదిలిపోయారు. అక్కడికక్కడే ఆ రేవుకి ఇంకో బ్యానరు మంజూరు చేశారు.