తోడల్లుడిని దాటాలని

ఆదివారం పొద్దున యలమందకు ఒకటే పని. తోడల్లుడు ప్రేమ్‌చంద్ కుటుంబం వచ్చేలోపు తన డీజిల్ కారు వేగం పెంచాలి. ఆ తర్వాత రెండు కార్లూ కలిసి సింగరాయకొండ గుడికి బయల్దేరతాయి. పోయినసారి హైవే మీద ప్రేమ్‌చంద్ తనని దాటిపోతూ చెయ్యి ఊపాడు. పక్కన కూర్చున్న భార్య మాధురి, "మా బావగారి డ్రైవింగే వేరు" అంది. అప్పటినుంచీ యలమందకు అన్నం సహించడం లేదు.

"మెకానిక్‌కి చూపించొచ్చుగా?" అంది మాధురి.

"మెకానిక్ చేస్తే అందులో నా గొప్పేముంది?"

ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్‌కి కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లోంచి కొత్త ఫైలు ఎక్కించాడు. ఇంజన్‌లోకి టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెట్టాలో ఆ ఫైలే చెబుతుంది. ప్రేమ్‌చంద్‌ని దాటడానికి అది చాలదనిపించి, ఇంకాస్త పెంచాడు. కారు స్టార్టు చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ అరిచింది. మనసు చల్లబడింది. ఇంకా తొక్కాడు.

ఢామ్మని టర్బో గొట్టం ఊడిపోయింది. వెనక నుంచి నల్లటి పొగ లేచి, గోడ దాటి, పక్కింటి గురవమ్మ పత్తి కుప్ప మీద వాలింది.

"యలమంద కారు తగలబడిపోతోంది, రండయ్యా" అని గురవమ్మ కేకేసింది.

వీధి వీధంతా బిందెలతో దిగింది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు తొక్కుకుంటూ పరుగెత్తారు. కాయలు నలిగి ఘాటు లేచింది. కారు మీద నీళ్లు కుమ్మరించేవాళ్లూ, వద్దని అడ్డుపడుతున్న యలమందా, అందరూ దగ్గుతూ కళ్లు తుడుచుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే ప్రేమ్‌చంద్ కారు వచ్చి ఆగింది. వీధి మొత్తం ఏడుస్తుంటే చూసి, మాధురి అక్క శ్రీరమ్య కంగారుగా దిగింది.

"మరిదిగారికి ఏమైందే?"

మాధురి చెప్పబోయింది గానీ దగ్గు అడ్డొచ్చింది. చెల్లెలి నోట మాట రాకపోయేసరికి శ్రీరమ్య శోకాలు మొదలుపెట్టింది. నల్లబడ్డ పత్తి కోసం ఏడుస్తున్న గురవమ్మ ఆవిడతో గొంతు కలిపింది.

మసి మొహంతో యలమంద ముందుకొచ్చాడు. "నాకేం కాలేదు వదినా. ల్యాప్‌టాప్‌లోంచి కొత్త ఫైలెక్కించి కారు స్పీడు పెంచుతున్నా. స్పీడు మరీ ఎక్కువై గొట్టం తట్టుకోలేకపోయింది."

"మీరే చేశారా? ఇంట్లోనే?"

"నేనే."

శ్రీరమ్య కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "చూశారా? మీకు టైరు మార్చడం కూడా రాదు."

యలమంద కారు ఇక స్టార్టు కాలేదు. పత్తి సంగతి వచ్చాక చూస్తామని గురవమ్మకు మాటిచ్చి, అందరూ ప్రేమ్‌చంద్ కారులోనే ఇరుక్కుని బయల్దేరారు. దారి పొడుగునా శ్రీరమ్య మరిదినే మెచ్చుకుంది. ప్రేమ్‌చంద్ స్టీరింగ్‌ని పిసికేస్తూ నడిపాడు.

గుడి దగ్గర దిగాక యలమందను పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, ఆ ఫైలేదో నాకూ పంపు. మీ వదినకి చెప్పకు, నేనే చేశానని చూపించాలి."

తోడల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనడం మర్యాద కాదని, యలమంద అక్కడికక్కడే పంపించాడు.