వెనక పొగమంచు దీపం

రాగి తీగ కొనే స్తోమత లేని పాత కార్ల యజమానులు తమ ఒంట్లోని నరాలనే వైరింగుకి వాడుకోవచ్చని ప్రభుత్వం అనుమతించిన మూడో వారంలో, కొర్లాపు దాలినాయుడు ఎడమకాలి నరం తీయించుకోవడానికి ఆటోనగర్‌లోని మస్తాన్ షెడ్డుకి వెళ్ళాడు. సోమవారం, ఉదయం పదకొండు గంటలు. అతని ముందు ఇంకా ఇద్దరున్నారు. ఒకతనిది వీపు, ఇంకొకతనిది మెడ. బల్ల మీద నిన్నటి పేపరు ఉంది. దాలినాయుడు కూర్చుని చదువుకున్నాడు.

అతని కారు వయసు ఇరవై ఆరేళ్ళు. తెల్లది, డీజిల్‌ది. లోపలి వైర్ల తొడుగు అప్పడంలా పెళుసెక్కి రాలిపోతోంది. హారన్ కొడితే వైపర్లు కదులుతాయి. హెడ్‌లైట్లు వేస్తే రోడ్డు కనపడదుగానీ, లైట్లు వెలుగుతున్నాయని మాత్రం తెలుస్తుంది. పద్దెనిమిదో తారీఖుతో ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డెక్కొచ్చన్న ఫిట్‌నెస్ కాగితం, అయిపోతుంది. కొత్త ఎఫ్‌సీ రాకపోతే కారు తుక్కులోకి పోతుంది. దానితోపాటు ఆసుపత్రి కిరాయిలూ పెళ్ళి కిరాయిలూ పోతాయి. ఇంట్లో పెళ్ళాం గౌరమ్మ మందులు ఆ కిరాయిల మీదే నడుస్తున్నాయి.

మస్తాన్ పాతికేళ్ళుగా కార్లకి కరెంటు పని చేస్తున్నాడు. అనుమతి వచ్చాక కొత్తగా కొన్న పనిముట్టు ఒక్కటే, డెట్టాల్ సీసా. మిగతావన్నీ పాతవే. మడమ దగ్గర చిన్న గాటు పెట్టి, కటింగ్ ప్లేయరుతో కొస పట్టుకుని, పైజమా బొందు లాగినట్టు లాగేశాడు. దాన్ని బ్యాటరీకి ఆనించి, టెస్టు ల్యాంపు వెలిగించి చూశాడు.

"మంచి గేజు మావా. సెల్ఫ్ మోటారుకి సరిపోద్ది."

"క్లచ్చి తొక్కడం ఎలాగరా మరి?"

"అలవాటు మీద తొక్కెయ్యడవేఁ. నలభై ఏళ్ళు తొక్కినోడివి, కొత్తగా తెలియాలేటి?"

పని నాలుగు రోజులు పట్టింది. ఎడమచేతి నరం హెడ్‌లైట్లకి వెళ్ళింది. మెడ నరం హారన్‌కి. ముక్కులోని వాసన నరం డీజిల్ మీటరుకి. దవడ పళ్ళ నరాలు సన్నవి కాబట్టి డాష్‌బోర్డు బల్బులకి పెట్టారు. ప్రతి నరానికీ తొడుగు వేసి, టేపు చుట్టి, ఫ్యూజు బాక్సులో దాని పేరు రాశారు. స్పర్శ మనిషిలో మిగలదు, నరం ఎక్కడుంటే అక్కడికే పోతుంది. షెడ్డులో డాష్‌బోర్డు మీద చన్నీళ్ళు పడ్డప్పుడు బల్బులు జివ్వుమని వణికాయి. దాలినాయుడికి మాత్రం మూడేళ్ళ పంటిపోటు ఆ రోజుతో వదిలింది.

"ఇదొకటి బాగుందిరా," అన్నాడు.

"కుడిచెయ్యి ఇస్తే ఏసీ కూడా పెట్టీగలను," అన్నాడు మస్తాన్.

"కుడిచెయ్యి జోలికి రాకు."

మస్తాన్ మళ్ళీ అడగలేదు. కారణం అతనికి తెలుసు. రెండేళ్ళ కిందట గౌరమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెవులు బాగానే వినిపిస్తాయి. కాళ్ళు మెల్లిగా ఆడతాయి. చేతుల్లో కుడి చూపుడువేలు ఒక్కటే చెప్పినట్టు వింటుంది. ఆ వేలితో ఆమె మొగుడి కుడి అరచేతిలో మాట్లాడుతుంది. ఒక పోటు పొడిస్తే అవును, రెండు పొడిస్తే కాదు, గీత గీస్తే మంచినీళ్ళు. సున్నా చుడితే, తిన్నావా అని.

ఈ సున్నా దగ్గర దాలినాయుడు చాలాసార్లు దొరికిపోయాడు. కిరాయికి వెళ్ళినప్పుడు కారుకి డీజిల్ పోయించి, తను టీతో సరిపెట్టుకుని, ఇంటికొచ్చి "శుబ్బరంగా తిన్నానే" అనేవాడు. గౌరమ్మ అతని నోటిని పట్టించుకునేది కాదు. అరచేతిలో సున్నా చుట్టేది. కడుపు నిండి ఉంటే అతని వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి. ఖాళీగా ఉంటే చెయ్యి చెక్కలా ఉండిపోయేది. అప్పుడామె ఒక్క వేలితోనే కంచాన్ని అతని వైపు తోసేది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున దాలినాయుడు కారు కడిగి, బానెట్ మీద పసుపు బొట్టు పెట్టి, ఎఫ్‌సీ మైదానానికి తీసుకెళ్ళాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పేరు వసుంధర. ఆమె ఫారం చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే చూసింది. హారన్ మోగింది. హెడ్‌లైట్లు తెల్లగా వెలిగాయి. ఎడమవైపు ఇండికేటరు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంది.

"ఇదెక్కడి నరం?"

"డొక్కలోదండీ."

"బీపీ ఉందా?"

"లేదండి."

ఆమె రాసుకుని వెనక్కి వెళ్ళింది.

"వెనక పొగమంచు దీపం ఏదీ?"

"అదేటండీ?"

"ఒకటో తారీఖు నుంచి తప్పనిసరి."

దాలినాయుడు మైదానం నలుమూలలా చూశాడు. ఎండకి నేల బీటలు తీసి ఉంది. "మన ఊళ్ళో పొగమంచు ఎప్పుడు సూసేరు మేడమ్?"

"నేను దీపం చూస్తాను. మంచు చూడటం వేరే శాఖ," అంది వసుంధర. "నాలుగింటి దాకా ఉంటాను. పెట్టించుకు వస్తే పాస్. లేదంటే ఆ గేటు."

ఆ గేటు అవతల తుక్కు లారీ నిలబడి ఉంది. డ్రైవరు దాని నీడలో అన్నం తింటున్నాడు.

షెడ్డులో మస్తాన్ పాత సైడు దీపమొకటి తీసి, ఎర్ర అద్దం బిగించాడు. ఫ్యూజు బాక్సు నుంచి కారు వెనక దాకా లాగడానికి నరం కావాలి. కుడికాలి నరం బ్రేకు లైటుకి పోయింది. వీపులోది వైపర్లకి. దాలినాయుడి ఒంట్లో ఆ పొడవుది ఇంకొక్కటే ఉంది. మస్తాన్ దానివైపు చూడకుండా ప్లేయరు తుడుచుకున్నాడు.

అప్పుడు దాలినాయుడికి టైర్లు గుర్తొచ్చాయి. ఆ మైదానానికి వచ్చే డ్రైవర్లలో సగంమంది ఎఫ్‌సీ రోజున కొత్త టైర్లు అద్దెకి తెచ్చుకుని బిగిస్తారు. పాస్ కాగానే విప్పి తిరిగిచ్చేసి, అరిగినవి వేసుకుని ఇంటికి పోతారు. పాతికేళ్ళుగా అతనూ అదే చేశాడు. ఆ రోజు వేసుకొచ్చినవి కూడా అద్దె టైర్లే.

"ఒక్క పూటకిరా. పాసయ్యాక విప్పీసి నాది నాకు పెట్టీగలవా?"

"సాయంత్రానికి పెట్టీగలను మావా. టైర్లు మార్సినట్టే."

"అయితే కాని."

"అత్తకి ఓ మాట సెప్పవా?"

"పొద్దుగూకేసరికి వచ్చీదానికి మాటెందుకు?" అని దాలినాయుడు చెయ్యి చాపాడు.

నాలుగుకి పది నిమిషాలుండగా దీపం ఎర్రగా వెలిగింది. వసుంధర తల ఊపి సంతకం పెట్టింది. తర్వాత సంచిలోంచి సీసపు బిళ్ళలు తీసి, ఫ్యూజు బాక్సుకీ, దీపానికీ, బానెట్ లోపల మూడు చోట్లా నొక్కి సీలు వేసింది.

"ఇవేటండీ?"

"సీళ్ళు. టైర్లు అద్దెకి తెచ్చి మోసం చేస్తున్నారని శాఖ దృష్టికొచ్చింది. టైర్లకి సీలు వెయ్యడం కుదరదు కదా, అందుకని వైరింగుకి వేస్తున్నాం."

"ఎప్పుడు విప్పుతారండీ?"

"తర్వాతి ఎఫ్‌సీకి. రెండేళ్ళు. మధ్యలో తెగితే ఎఫ్‌సీ రద్దు, బండి తుక్కుకి. అందులో ఉన్న నరాలతో సహా."

దాలినాయుడు తన కుడిచేతిని చూసుకున్నాడు. అది తొడ పక్కన వేలాడుతోంది. ఎవరిదో పట్టుకొచ్చి తగిలించినట్టుంది.

ఆ సాయంత్రం గౌరమ్మ అతని అరచేతిలో గీత గీసింది. అతను చూరు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె మళ్ళీ గీసింది. మళ్ళీ గీసింది. అతను "ఏటే, ఈవేళ మాటల్లేవా?" అన్నాడు. అన్నాక కిందికి చూశాడు. ఆమె వేలు అతని చేతిలో ఆగిపోయి ఉంది. మంచినీళ్ళు తెచ్చి తాగించాడు. మర్నాడు మస్తాన్ షెడ్డుకి వెళ్ళి అడిగితే, సీలు మీద చెయ్యి వేస్తే తన లైసెన్సు పోతుందన్నాడు మస్తాన్. అతనికీ పిల్లలున్నారు.

నెల తిరక్కుండానే శాఖ నుంచి పిలుపు వచ్చింది. గుమస్తా ఒక కాగితం అతని ముందుకి జరిపాడు. లెక్క ప్రకారం దాలినాయుడి నరాల్లో సగానికి పైగా వాహనంలో ఉన్నాయి. సగం దాటితే యాజమాన్యం మారుతుంది. కొత్త ఆర్‌సీలో యజమాని అన్నచోట వాహనం నంబరు ఉంది. అదనపు సామగ్రి అన్నచోట, 'దాలినాయుడు, ఒకటి' అని ఉంది.

"నా కారు గదా బావూ."

"మీరు కంగారు పడకండి. ఇదివరకు పొద్దున్నే లేచి ముందు ఎవరికి స్నానం చేయించేవారు?"

"కారుకి."

"ముందు ఎవరికి పోయించేవారు?"

"దానికేనండి."

"మరి మారిందేముంది? ఇక్కడ సంతకం."

దాలినాయుడు ఆలోచించాడు. మారింది ఏమీ కనబడలేదు. గుమస్తా కలాన్ని అతని వేళ్ళ మధ్య ఇరికించి, వేళ్ళు మూసి పెట్టాడు. అతను సంతకం చేశాడు.

గౌరమ్మకి దారి దొరకడానికి ఇంకో వారం పట్టింది. ఒక సాయంత్రం వాకిట్లోకి మెల్లిగా నడిచొచ్చి, కారు వెనక నిలబడి, ఎర్ర అద్దం మీద వేలితో ఒక పోటు పొడిచింది. దీపం ఒకసారి వెలిగి ఆరింది. రెండు పొడిచింది. రెండుసార్లు వెలిగింది. రెండేళ్ళలో ఆమె మొహంలో అంత వెలుగు దాలినాయుడు చూడలేదు. అప్పటినుంచి పీట అక్కడే వేయించుకుని, రోజూ పొద్దుగూకే వేళ దీపంతో కబుర్లు చెప్పుకునేది. అతను పక్కన నిలబడి చూసేవాడు. ఏం చెప్పుకుంటున్నారో కొంత అర్థమయ్యేది, కొంత అయ్యేది కాదు.

శుక్రవారం దూరపు కిరాయి పడింది. వెళ్ళేటప్పుడొకసారి, తిరిగొస్తూ ఊరి బంకులో ఇంకోసారి కారుకి టాంకు నిండా పోయించాక, భోజనానికని జేబులో ఏమీ మిగల్లేదు. సాయంత్రం ఇంటికి చేరేసరికి దాలినాయుడికి కళ్ళు తిరుగుతున్నాయి. గౌరమ్మ పీట మీద కూర్చుని, ఎర్ర అద్దం మీద నెమ్మదిగా సున్నా చుట్టింది.

దీపం నిండుగా వెలిగింది.

"నాను తినలేదే," అన్నాడు దాలినాయుడు. "గౌరీ, నిజంగానే. పొద్దుట్నించీ ఏటీ తినలేదు."

గౌరమ్మ అతని నోటి వంక చూసింది. ఆ నోరు ఈ విషయంలో ఎన్నిసార్లు అబద్ధమాడిందో ఆమెకి తెలుసు. నవ్వి, తల అడ్డంగా ఊపి, లోపలికి వెళ్ళి మోచేత్తో అన్నం గిన్నెని ఉట్టి కిందికి జరిపి మూత పెట్టేసింది.

దీపం అబద్ధమేమీ చెప్పలేదు. టాంకు నిండుగానే ఉంది. దాలినాయుడు గుడ్డ తడిపి తెచ్చి, అద్దం మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.