మా బావండీ

"నీళ్లలో తేడాలన్నీ మనం పెట్టుకున్నవే. నీరు నీరే! రేపటినుంచి ఏ నీటి పరీక్షయినా మంచినీళ్ల శాఖ ల్యాబ్‌లోనే" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అంత పెద్ద సమస్యను అంత చిన్న మాటతో తేల్చేసే బుర్ర అందరికీ ఉండదు.

వారం తిరక్కుండానే ఆ సంస్కరణ మా ఇంటిదాకా వచ్చింది. మా బావ బస్సు డ్రైవరు. స్టీరింగుకు పొట్ట అడ్డొస్తోందని ఆస్పత్రికి వెళితే, పొట్టలో నీరు చేరిందన్నారు. డాక్టరమ్మ సూదితో కాస్త నీరు తీసి సీసాలో పట్టారు.

"క్షయ వల్లయితే ఆర్నెల్లు మాత్రలు మింగి మళ్లీ బస్సెక్కొచ్చు. లివరు వల్లయితే వైద్యం వేరు. ఈ నీటిలో ప్రొటీనెంతుందో, ఏ కణాలున్నాయో చూస్తేగానీ చెప్పలేను. ఆలస్యమైతే పాడైపోతుంది" అన్నారు.

అక్క సీసా మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూసింది.

సంస్కరణ ప్రకారం సీసా మంచినీళ్ల శాఖకు వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను. అక్కడి ఆఫీసరుగారు నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి.

"ఇది పొట్టలోదండీ" అన్నాను.

"ఫారంలో పొట్టకు గడి లేదు. మూలం చెప్పండి. ఎక్కణ్ణుంచి తీశారు?"

"మా బావండీ."

"సొంతమేనా?"

"సొంత బావేనండీ."

"ఎన్నేళ్లయింది?"

"నలభై ఆరు."

"ఎంతమంది ఆధారపడ్డారు?"

"అక్కా, ఇద్దరు పిల్లలూ."

"ముగ్గురేనా? అదృష్టవంతులు" అని ఆయన గళ్లన్నీ నింపేశారు. ఇంత ఆప్యాయంగా కుటుంబ విషయాలు కనుక్కునే ఆఫీసరును నేనెక్కడా చూడలేదు.

నాలుగోరోజు రిపోర్టు వచ్చింది. 'రంగు పసుపు. తేటగా లేదు. క్లోరిన్ లేదు. తాగడానికి పనికిరాదు. మూలాన్ని వెంటనే మూసివేయవలెను.'

"తాగుతామని ఎవరన్నార్రా?" అంది అక్క.

సంస్కరణ మొదలయ్యాక మూతపడుతున్న నూరో మూలం అదేనట. అందుకని మంత్రిగారే స్వయంగా బయల్దేరారు. ఫొటోగ్రాఫర్లతో వార్డులోకి అడుగుపెట్టి, "బావెక్కడ?" అని అడిగారు.

"ఇక్కడేనండీ" అన్నాడు మా బావ, మంచం మీంచి చెయ్యెత్తి.

ఆఫీసరుగారు ఫారం చూపించారు. మంత్రిగారు మంచం చూశారు, కెమెరాలు చూశారు. వేసిన అడుగు వెనక్కి తీసుకునే నాయకుడు కాదాయన. ఎర్రటి నోటీసు అందుకుని మంచం తలాపున స్వహస్తాలతో అంటించారు. 'ఈ మూలం నుంచి నీరు తోడరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.' అలవాటు కొద్దీ నేను చప్పట్లు కొట్టాను. బావ కూడా కొట్టాడు, పాపం.

వాళ్లు వెళ్లగానే డాక్టరమ్మ కొత్త సూదితో వచ్చారు. పాత నీరు పాడైపోయింది కాబట్టి మళ్లీ తీసి, తెలిసినచోట తనే పరీక్ష చేయిస్తానన్నారు. బావ చొక్కా పైకెత్తాడు. అప్పుడు నోటీసు ఆవిడ కంటబడింది. మొదటినుంచి చివరిదాకా చదివి, సూదికి తొడుగు పెట్టేశారు.

"మరి ఆయన జబ్బేమిటో ఎలా తెలుస్తుందమ్మా?" అంది అక్క.

"నీరు తీసి చూడాలమ్మా" అన్నారు డాక్టరమ్మ.